మొగిలి ఘాటు ఎక్కని కార్లు

మా నాయన బస్సు డ్రైవరు. ఆయన సీటు పైన, అద్దానికి మింద, ‘డ్రైవరుతో మాట్లాడరాదు’ అని ఎర్ర పెయింటుతో రాసి ఉండేది. ఆ బోర్డును ఆయప్ప ఇంటికి గూడా తెచ్చుకున్న్యాడని మాయమ్మ ఎగతాళి చేసేది. నిజమే. మదనపల్లె నుంచి చిత్తూరికి పోయి, మళ్ళా తిరిగొచ్చి, కాళ్ళు కడుక్కొని, సంగటి తిని పండుకునేవాడు. తెల్లారితే మళ్ళా అదే కాకీ చొక్కా, అదే బస్సు. నేను ఏ క్లాసు సదవతాండానో గూడా ఆయనకి తెలుసో లేదో నాకు అనుమానమే. కోపిష్టి కాదు. ఆయనకి మాటలు రావు, అంతే.

అట్లాంటి మనిషి వారానికి ఒకతూరి మాత్రం నోరు తెరిచేవాడు. తొంభైల చివర్లో మా వీధికి కేబులు వచ్చింది. ఆదివారం సాయంత్రం ఒక ఇంగ్లీషు చానల్లో కార్ల ప్రోగ్రాం. ఇద్దరు తెల్లదొరలు, ఒకాయన పొడుగు, బట్టతల. ఇంకొకాయన లావు, మీసాలు. కొత్త కార్లు తోలేది, వాటి గురించి కొట్లాడుకునేది, ఒకరినొకరు ఆటపట్టించుకునేది. వాళ్ళ దేశంలో అది ఎన్నో ఏండ్లుగా ఆడతాండే ప్రోగ్రామంట. ఆ ఇంగ్లీషు మా వీధిలో ఒక్కరికీ అర్థమయ్యేది కాదు. మా నాయనకీ కాదు. అయినా ఆయనే చెప్పేవాడు.

ఆయన లెక్కలో పొడుగాయప్ప బండికి ఓనరు. లావాయప్ప ఆయన బామ్మర్ది. బామ్మర్ది వారం వారం వచ్చి బండి అడుగుతాడు, ఓనరు ఏదో ఒక సాకు చెప్పి పంపిస్తాడు. బామ్మర్దికి ఒక కూతురుండాది, ఆ పిల్లకి పెండ్లి చెయ్యల్ల, ఆ పెండ్లికే బండి కావల్ల. ఇదంతా ఆ దొరల మొగాలు చూసి మా నాయన కనిపెట్టిందే. మలుపులో కారు జారితే, గేరు తగ్గించకుండా బ్రేకు తొక్కితే ఇంకేమవతాది అని తొడ చరుచుకునేవాడు. ఎదురింటి అవ్వ చెనిక్కాయలు కొంగున కట్టుకొని వచ్చి మా నాయన మంచం పక్కనే కూసునేది. ఆయమ్మకి కార్లతో పని లేదు. ఆ పిల్ల పెండ్లి కుదిరిందా లేదా, అదొక్కటే కావల్ల.

ఆఖర్న తీర్పు. చిత్తూరి దోవలో మొగిలి ఘాటు మా నాయన రోజూ ఎక్కి దిగే కొండదోవ. టీవీలో ఎంత మెరిసే కారొచ్చినా అది మొగిలి ఘాటు ఎక్కుతాదా ఎక్కదా అన్నదే ప్రశ్న. ‘ఎక్కుతాది’ అంటే అందరూ తలకాయ ఊపేవాళ్ళు. ‘ఎక్కదు’ అంటే ఆ కారు పని అయిపోయినట్టే. పుంగనూరికి బదిలీ అయినాక గూడా ఇదే తంతు. ఈ సంబరం చూసేదానికి ఆడ ఇంకా ఎక్కువమంది వచ్చేవాళ్ళు, కాఫీలు పెట్టలేక మాయమ్మ సణుక్కునేది. నాకు మాత్రం ఆదివారం ఎప్పుడొస్తాదా అని ఉండేది. మా నాయన గొంతు నాకు అంతసేపు వినపడేది ఆ పొద్దొక్కటే.

తర్వాత మా నాయన్ని కుప్పం డిపోకి వేసినారు. కుప్పం మాయమ్మ పుట్టినూరు. ఆ ఊర్లో తెలుగెంతో అరవమూ అంతే, మాయమ్మ రెండూ మాట్లాడతానే పెరిగింది. మా నాయనకి అరవం ఒక్క ముక్క రాదు. మొదటి ఆదివారం టీవీ పెడితే అదే ప్రోగ్రాం, అదే దొరలు, కానీ నోరు తెరిస్తే అరవం. డబ్బింగు చేసేసినారు. మా నాయన దాన్ని లెక్కచెయ్యలేదు. బామ్మర్ది మళ్ళా వచ్చినాడని ఎప్పటి మాదిరే మొదలు పెట్టినాడు. మాయమ్మ లేచి వంటింట్లోకి పోయింది.

రాళ్ళ ఫ్యాక్టరీలో పనిచేసే పక్కింటాయన పగలబడి నవ్వినాడు.

“యాడ బామ్మర్ది అన్నా? కారు రేటు చెప్తాండాడు ఆయప్ప. నీ కడుపు ఈ సీట్లో పట్టదని ఈ లావాయన్ని ఎగతాళి చేస్తాండాడు.”

అందరూ నవ్వినారు. మా నాయన గూడా నవ్వినాడు. ఆ తర్వాత ఆ సాయంత్రం ఆయన మాట్లాడలేదు. పక్క ఆదివారం టీవీ ముందర కూసున్న్యాడు గానీ నోరు విప్పలేదు. ఆ పక్క వారం నుంచి కూసునేదే మానేసినాడు. యాల చూసేదిల్యా అని నేనడిగితే, దాంట్లో ముందర మాదిరి పస లేదన్న్యాడు.

పక్కింటాయన మింద నాకు ఒళ్ళు మండింది. ఉన్న మాట చెప్పినందుకు మనిషి మింద కోపమొస్తాదా? నాకొచ్చింది. మా నాయన మింద గూడా వచ్చింది, అంత దానికి మూతి ముడుచుకోవల్నా అని.

పస పోయిందనే మాట ఒట్టిదేం కాదు. అప్పటికి నేను కాలేజీలో ఉండాను, అరవం బాగానే పట్టుబడింది, ఒక్కదాన్నే కూసొని చూసినాను. దొరలిద్దరికీ వయసు మళ్ళింది. వాళ్ళ జోకులకి వాళ్ళే నవ్వుకుంటాండారు. కార్లు తోలేది తగ్గించి, వాటిని క్రేనుతో ఎత్తి కింద పడేసేది, కాల్చేది మొదలు పెట్టినారు. అన్నం పెట్టే బండిని కాల్చేదేందని మా నాయన ఒకతూరి అటు పోతా చూసి గొణిగినాడు గూడా. కాలేజీలో నా నేస్తురాండ్లు కొందరు ఇప్పుడే బాగుండాది అనేవాళ్ళు, కొందరు ఎప్పుడో ఆపేయాల్సింది అనేవాళ్ళు. నేను ఎటూ చెప్పలేకపోయినాను. నేను ఇన్నేండ్లు చూసింది ఆ ప్రోగ్రాం కాదు. మంచం మింద కూసొని మా నాయన ఆడించిన ప్రోగ్రాం. దాన్ని పోగొట్టుకున్న్యామని నాకు ఏడుపొచ్చింది.

ఇల్లు మూగబోయింది. మాయమ్మ గూడా ఆ బోర్డు ఎగతాళి ఆపేసింది. మాయమ్మ ఎగతాళి ఆపిందంటే ఇంట్లో ఏదో బాగలేదని అర్థం.

ఒక ఆదివారం జడివాన పట్టుకొనింది. ఇరుగుపొరుగు ఎవరూ రాలేదు. మా నాయన మంచం మింద చొక్కాకి గుండీ కుట్టుకుంటాండాడు. మాయమ్మ చాటలో అనపకాయలు పోసుకొని టీవీ ముందర కూసొని, తనే ఆ ప్రోగ్రాం పెట్టింది. మా నాయన తలెత్తలేదు. దొరలు అరవంలో ఏదో అరుచుకుంటాండారు. మాయమ్మ ఒలుస్తా ఒలుస్తా, టీవీ మింద నుంచి చూపు తిప్పకుండా అడిగింది.

“ఆ బామ్మర్ది కూతురి పెండ్లి యాడికొచ్చిందయ్యా?”

మా నాయన సూది ఆపినాడు. మాయమ్మ మొగం చూసినాడు. ఎగతాళి చేస్తాందేమో అని వెతికినట్టు చూసినాడు. మాయమ్మ అనపకాయలు ఒలుస్తానే ఉండాది. టీవీలో ఆ పొడుగాయప్ప నిజంగా ఏం చెప్తాండాడో మాయమ్మకి తెలుసు, నాకూ తెలుసు. టైర్ల గురించి చెప్తాండాడు.

మా నాయన సూదిని చొక్కాకి గుచ్చి పక్కన పెట్టినాడు. పెండ్లి కుదిరిందన్న్యాడు. పొడుగాయప్ప మనసు మార్చుకొని బండి ఇస్తానన్న్యాడంట.

“అట్లయితే ఇంకేం,” అనింది మాయమ్మ.

“ఇస్తే ఏం లాభం? అది మొగిలి ఘాటు ఎక్కదు,” అన్న్యాడు మా నాయన. “అందరినీ బస్సులో రమ్మను. నేను తోలతా.”