వెంట్రుకకు మరలు కోసిన మిషన్

మా నాన్న ఒక కస్టమర్ తల వెంట్రుకకు మరలు కోసి నట్టు బిగించాడని చిన్నప్పుడు నాచారం షెడ్లన్నిటిలో నేనే ప్రచారం చేశాను. ఆ నట్టు బరువుకే పాపం ఆ కస్టమర్‌కు బట్టతల వచ్చిందని కూడా కలిపాను. ఎవరైనా వచ్చి నిజమేనా అని అడిగితే నాన్న అవుననేవాడు కాదు, కాదనేవాడూ కాదు. మిషన్ మీది ఇనుప రజను ఉఫ్‌మని ఊది మళ్లీ పనిలో పడేవాడు.

అసలు సంగతి ఇంత: గుడివాడ దగ్గరి పల్లె నుంచి ఒక రేకు పెట్టెతో నాచారం వచ్చి, తన ఊరివాళ్ల షెడ్లలో పనిచేసి, చివరికి ఇనుమును తిప్పి చెక్కే లేత్ మిషన్ సొంతంగా పెట్టుకున్న టర్నర్ ఆయన. బోరు మోటార్ల షాఫ్టులు, బుష్‌లు, అరిగిపోయినదేదైనా ఆయన చేతిలో పడితే మళ్లీ తిరిగేది. సాయంత్రం మిషన్ తుడిచి, దాని మీద అమ్మ పాత నేత చీర కప్పి గానీ ఉప్పల్‌లోని ఇంటికి బయల్దేరేవాడు కాదు. అమ్మ కొత్త చీర కట్టిన రోజే ఆ మిషన్‌ను సవతిని చేసి దెప్పేది, ఇది నాకెన్నాళ్లులెండి, మీ రెండో ఆవిడ కన్నేసే ఉంటుంది అని.

నాన్న వేసవిలో పోయాడు. ఆ చీర కప్పింది కప్పినట్టే ఉండిపోయింది. పాత సామాను కింద అమ్మేయమన్నారు చుట్టాలు. కూతుర్ని నాకేమో షెడ్డు నడపాలని. కొలతలు చూడ్డం వచ్చు, కస్టమర్లతో మాట్లాడ్డం వచ్చు, అది కాస్త ఎక్కువే వచ్చు. మిషన్ మీద నిలబడేందుకు ఒక కుర్ర టర్నర్ దొరికాడు. మంచి పనివాడే, కానీ ఒకటే షరతు పెట్టాడు. యజమాని పోయి ఆగిన మిషన్‌ను ఆయుధ పూజ జరిగాకే ముడతాడట. దసరాకు అది కాకపోతే వేరే షెడ్డులో చేరిపోతాడట.

చిక్కంతా అక్కడే. మాకు ఏటి సూతకం. ఏడాది తిరిగేదాకా పండగ చెయ్యకూడదు, కొబ్బరికాయ కొట్టకూడదు. ఇలాంటి విషయాల్లో మా అమ్మ, నాన్న వాడే మైక్రోమీటరు కంటే నిక్కచ్చి.

ఆయుధ పూజ నాడు వీధిలోని షెడ్లన్నీ బంతిపూలతో వెలిగిపోతుంటే, అమ్మా నేనూ మా షట్టర్ సగం ఎత్తి బయట స్టూళ్ల మీద కూర్చున్నాం. టర్నర్ వచ్చి చేతులు కట్టుకుని గోడవార నిలబడ్డాడు. అప్పుడే పక్క షెడ్డు వెల్డర్ తన పూజ ముగించుకుని ప్రసాదం పళ్లెంతో మా వైపు వచ్చాడు. నాచారంలోనే పుట్టి పెరిగిన మనిషి, నాన్నతో రోజూ చాయ్ తాగినవాడు. నేను సంగతంతా చెప్పాను. ఆయన అమ్మ వైపు తిరిగాడు.

"సూతకం మీకు, చెల్లె. మిషన్‌కేముంటది?"

అమ్మ షట్టర్ కిందుగా మిషన్ మీది చీర వైపు చూసింది.

"మేం లోపలికి రాం, అన్నయ్యగారూ," అంది. "ఆ చీర మాత్రం మడత పెట్టి తియ్యండి. ఆయన అలాగే తీసేవారు."

వెల్డర్ అలాగే తీశాడు. మిషన్‌కు పసుపు కుంకుమ పెట్టి, ముందు తిరిగే చక్‌కు బంతిపూల దండ చుట్టి, తన ఇంటి కొబ్బరికాయే కొట్టాడు. ఇక ఒకసారి మిషన్ తిప్పి ఆపాలి. టర్నర్ స్విచ్ దాకా వెళ్లి ఆగిపోయాడు. మా పూజ మేం చెయ్యలేదన్న అనుమానం ఇంకా వదల్లేదనుకుంటాను.

వెల్డర్ అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"గిది ఎసొంటి మిషనో ఎరికేనా తమ్మీ? గీ మిషన్ మీదనే ఆయన ఎంటికకు మరలు గోసిండు. నా కండ్లతోటి జూసిన. నట్టు వట్టుకున్నది నేనే."

టర్నర్ తిరిగి నా మొహంలోకి చూశాడు. నేను అవుననలేదు, కాదనలేదు. రజనేమైనా ఉంటే ఊదేదాన్ని.

"నట్టు మీరు పట్టుకున్నారని నాకు చెప్పనేలేదే ఆయన," అంది అమ్మ, ఏమీ ఎరగనట్టు.

టర్నర్ నవ్వి స్విచ్ వేశాడు. మిషన్ ఒకసారి మూలిగి, గొంతు సవరించుకుని, తిరిగింది. దండ తెగి బంతిరేకులు సగం షట్టర్ కిందుగా ఎగిరొచ్చి అమ్మ ఒళ్లో పడ్డాయి. ఆమె దులుపుకోలేదు.

పండగ వెళ్లగానే ఒక బోరు మోటారు షాఫ్టు వస్తుందని టర్నర్‌తో చెప్పాను. అతను అనుమానంగా చూశాడు గానీ, ఇది మాత్రం నిజమే.