కొల్లేటి మంచులో రెండో గొంతు

మా అమ్మాయి శ్రావ్య ఇంటర్ రెండో ఏడాది చదువుతోంది. దసరా సెలవుల్లో విశాఖలో మా ఆడపడుచు ఇంటికి వెళ్ళి, అక్కడి సెయిలింగ్ క్లబ్బులో వారం రోజులు తెరచాప పడవ నడపడం నేర్చుకుని వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే మాట. "పరీక్షలయ్యాక పూర్తి శిక్షణకి వెళ్తానమ్మా. ఎప్పటికైనా ఒక్కదాన్నే సముద్రం దాటాలి." తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారం చేసుకునే ఇల్లు మాది. మాకు సముద్రమంటే ఏడాదికోసారి పేరుపాలెం వెళ్ళి కాళ్ళు తడుపుకుని, బజ్జీలు తిని రావడమే. మావారు "నువ్వెలా అంటే అలాగే" అని తప్పుకున్నారు. అవునంటే భయం, కాదంటే ఆ పిల్ల ముఖం చూడలేను. మూడు నెలలు అలాగే నాన్చాను.

శ్రావ్యకి అక్కడ పాఠాలు చెప్పినమ్మాయి పేరు పావని. ఇరవై మూడేళ్ళది. సొంతూరు కొల్లేటికోట పక్కనే. కిందటి ఏడాది విశాఖ నుంచి చెన్నైకి చిన్న పడవలో ఒంటరిగా వెళ్ళింది. వచ్చే ఏడాది ఒంటరి నావికుల సముద్ర పందెంలో దిగబోతోంది. చలికాలంలో ఇంటికొచ్చి కొల్లేట్లోనే సాధన చేస్తుందని శ్రావ్య చెప్పింది. అయితే ఆ అమ్మాయినే అడుగుదామనుకున్నాను. అడగాల్సింది ఒక్కటే: నీ చెల్లెలైతే పంపిస్తావా?

శ్రావ్య చేత ముందే ఫోన్ చేయించి, జనవరి చివర్లో బయల్దేరాను. గూడెం నుంచి కైకలూరుకి భీమవరం, ఆకివీడు మీదుగా బస్సులున్నాయి. కానీ కొల్లేరు చూడాలనుకునేవాళ్ళు రైల్లో ఏలూరు దిగి, అక్కణ్ణుంచి కైకలూరు బస్సెక్కడం మంచిది. ఊరు దాటిన కాసేపటికి రోడ్డుకి రెండు వైపులా నీళ్ళే. చేపల చెరువులు, గట్ల మీద కాపలా పాకలు, నీళ్ళ మీద పచ్చగా పరుచుకున్న గుర్రపుడెక్క. మధ్యాహ్నం బయల్దేరితే సాయంత్రానికి కైకలూరు ముందున్న ఆటపాకలో దిగి పక్షుల్ని చూడొచ్చు. నేనూ అదే చేశాను. చెట్లు కనపడకుండా గూడబాతులు వాలి ఉన్నాయి. అన్ని వేల పక్షుల మధ్య ఎంత రొద ఉండాలి! ఆ సాయంత్రం ఒక్కటీ కూయలేదు. కాపలాదారుణ్ణి అడిగితే, "మంచు పడే ముందు అలాగే ఉంటాయండీ. రేపు పొద్దున్న గట్టిగా పడుతుంది" అన్నాడు. కైకలూరులో వెయ్యి రూపాయల లోపే శుభ్రమైన గది దొరికింది.

తెల్లారి ఆరింటికి మాట్లాడుకున్న ఆటో వచ్చింది. కొల్లేటికోట వెళ్ళి, ఉండి, తిరిగి రావడానికి ఆరొందలు. డ్రైవరు సత్యం నడివయసు మనిషి. మంచులో రోడ్డు చివర కనపడక ఆటోని నడకలా నడుపుతున్నాడు. ఎవరింటికని అడిగితే పావని పేరు చెప్పాను.

"ఆ తెరచాప పడవ పాపేనాండీ? మంచి పిల్లండి. కాకపోతే మంచులో పడవేసుకుని తనలో తను మాట్లాడుకుంటాదండి. గట్టు మీద మావాళ్ళు విన్నారు."

"ఒంటరిగా ఉంటే మాట్లాడుకుంటారు కదండీ" అన్నాను.

"అదేనండీ, మాట్లాడుకుంటే పర్లేదు." ఆటోని ఒక గతుకు తప్పించి, "ఒక్కోసారి బదులు కూడా వినపడతాదంటండి" అన్నాడు. నేను నవ్వాను. అతను నవ్వలేదు.

పావని బాబాయి ఏడుకొండలు గారు రేవు దగ్గరే ఉన్నారు. తండ్రి పోయాక పావనిని పెంచింది ఆయనే. అటవీశాఖ వాళ్ళతో మాట్లాడి, పక్షుల వైపు పోకుండా ఒక మేర వరకు తెరచాప పడవ తిప్పుకునే ఏర్పాటు చేసిందీ ఆయనే. పావని మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి తెరచాప బిగిస్తోంది. సన్నగా, నల్లగా, కళ్ళ కింద చారలతో ఉంది. నడుముకి వెడల్పాటి పట్టీ, దానికొక తాడు, తాడు చివర ఇనుప కొక్కెం. ఆ కొక్కెం పడవకి తగిలించుకుంటే మనిషి నీళ్ళలో పడినా పడవ వదిలిపోదట.

"రాత్రి నిద్రపోయారా?" అని అడిగాను, ఆ కళ్ళు చూసి.

"లేదాంటీ. పోకూడదు, అదే సాధన. పందెంలో రోజుల తరబడి కునికిపాట్లే తప్ప నిద్రుండదు. నిద్రలేని బుర్రతో పడవ నడపడం అలవాటవ్వాలి." ఏడుకొండలు గారు మేము వెనకాల వెళ్ళబోయే ఇంజను పడవలోకి డీజిలు తేవడానికి వెళ్ళారు. ఆయన దూరమయ్యేదాకా చూసి నేను దాచుకున్న ప్రశ్న అడిగేశాను. పావని తాడు ముడి విప్పి మళ్ళీ వేసింది.

"చెన్నై ఇంకొక్క రోజుందనగా గాలి ఆగిపోయిందాంటీ. మధ్యాహ్నం. ఎండ. సముద్రం నూనె పోసినట్టుంది. టీ పెట్టుకున్నాను. చూస్తే రెండు గ్లాసుల్లో పోసి ఉంది. నేనే పోశాను. రెండోది ఎవరికో అప్పుడు నాకు తెలుసు. పడవ ముందు వైపు ఒకావిడ కూర్చుని ఉంది, నా పసుపు కోటు వేసుకుని, వీపు ఇటు పెట్టి. నాకు భయం వెయ్యలేదు. మొదట్నుంచీ ఇద్దరం వచ్చినట్టే ఉంది."

చెబుతున్నంతసేపూ ఆ అమ్మాయి గొంతు మామూలుగానే ఉంది.

"'నీకు నిద్రొస్తోంది, ఇలా వచ్చి పడుకో, నేను చూసుకుంటాలే' అంది. ఎంత ప్రేమగా అందో! వెళ్ళాను. కాలికి చల్లగా తగిలేసరికి మెలకువొచ్చింది. ఒక కాలు పడవ బయట ఉంది. కొక్కెం ఊడదీసి నా చేతిలోనే ఉంది. తీసినట్టు నాకు గుర్తు లేదు."

"ఇంట్లో చెప్పావా?"

"లేదు. క్లబ్బులో కూడా చెప్పలేదు. చెబితే పందేనికి పంపరు." ఏడుకొండలు గారు తిరిగొస్తుంటే గొంతు తగ్గించింది. "అందుకే మంచులో చేస్తున్నాను. సముద్రం మధ్యలో చుట్టూ ఏమీ ఉండదు, మంచులో కూడా అలాగే ఏమీ కనపడదు కదా. చేసే ప్రతి పనీ పైకి చెప్పుకుంటాను. చుక్కాని తిప్పుతున్నాను, కొక్కెం తగిలించాను, అని. నా గొంతు వింటూ ఉంటే ఇంకో గొంతు రాదని."

ఏడున్నర దాటాక పావని ఒక్కతే తెరచాప పడవలో, ఆయనా నేనూ ఇంజను పడవలో బయల్దేరాం. నాకొక లైఫ్ జాకెట్ ఇచ్చారు. కిక్కిస గడ్డి దుబ్బులు దాటేదాకా తెల్లటి తెరచాప కనపడుతూనే ఉంది. తరవాత మంచులో తెలుపులో తెలుపు కలిసిపోయింది. ఏడుకొండలు గారు ఇంజను ఆపేశారు. "మోతుంటే పిల్ల మాట వినపడదమ్మా" అన్నారు. నీళ్ళు గుండెల లోతే కానీ అడుగున బురద ఉంటుందనీ, నిలబడితే కాళ్ళు దిగిపోతాయనీ, ఈతకన్నా ఆ బురదకే భయపడాలనీ చెప్పారు.

పావని గొంతు ఎడమ పక్క నుంచి వస్తోంది. "తాడు లాగుతున్నాను. గాలి కుడి నుంచి ఉంది. చుక్కాని తిప్పుతున్నాను." కాస్త దూరంగా, కాస్త దగ్గరగా, పాఠం అప్పజెప్పుతున్నట్టు. నా మోకాళ్ళ ముందున్న నీళ్ళు కూడా కనపడటం లేదు. మా పడవ కదులుతోందో ఆగిందో తెలియడం లేదు. ఎంతసేపు అలా కూర్చున్నామో చెప్పలేను. వింటూ వింటూ నేనూ పెదాలు కదుపుతున్నానని గమనించాను.

అప్పుడు కుడి పక్క నుంచి, చాలా దగ్గరగా, ఒక ఆడగొంతు పలికింది.

"కొక్కెం చూసుకోవే."

అరుపు కాదు. పక్కన కూర్చున్న మనిషితో అన్నట్టు. అదే సమయంలో ఎడమ పక్క పావని గొంతు "గాలి మారుతోంది" అంటోంది. నేను ఏడుకొండలు గారి వైపు తిరిగాను. ఆయన పడవ తోసే గెడ మీద చెయ్యి వేసి కదలకుండా ఉన్నారు. పావని గొంతు ఆగిపోయింది. టప్పున ఏదో కొట్టుకున్న చప్పుడు. ఆ తరవాత ఏమీ లేదు.

"పావనీ!" అని అరిచారాయన. నేనూ అరిచాను. మా కేకలు మా చుట్టూనే తిరిగి, ఎటు పిలుస్తున్నామో మాకే తెలియకుండా పోయింది. ఆయన గెడ వేసి పడవని ఎడమకి తోశారు. మంచులోంచి తెరచాప మెల్లగా బయటికొచ్చింది. తెరచాప కిందుండే అడ్డకర్ర అటూ ఇటూ ఊగుతోంది. పడవలో ఎవరూ లేరు.

ఆ ఖాళీ పడవ మమ్మల్ని రాసుకుంటూ వెళ్ళిన ఆ కాసేపట్లో నాకు కనపడింది పావని కాదు, శ్రావ్య. ఏడుకొండలు గారు పడవ అంచు పట్టుకున్నారు. దాని వెనకాల బిగుసుకున్న తాడు. తాడు చివర పావని, ముఖం మాత్రం పైకి పెట్టి, కళ్ళు తెరుచుకుని. ఇద్దరం కలిసి లాగాం. నడుము దాకా బురద. చెవి పైన కర్ర తగిలి బొప్పి కట్టింది. పడవలో పడగానే నీళ్ళు కక్కి, ఊపిరి తీసుకుని, నా చెయ్యి పట్టుకుంది.

"థాంక్సాంటీ. మీరు చెప్పకపోతే చూసుకునేదాన్ని కాదు. కొక్కెం ఊడి ఉంది. తగిలించీ తగిలించగానే కర్ర వచ్చి కొట్టింది."

"నేను చెప్పలేదమ్మా" అన్నాను.

ఆ అమ్మాయి బాబాయి వైపు చూసింది. ఆయన, "ఇంజను మోతలో నాకేం వినపడలేదమ్మా" అన్నారు. ఇంజను ఎప్పుడో ఆపేశారు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. తెరచాప పడవని వెనకాల కట్టుకుని రేవుకి చేరాం.

ఇంటి దగ్గర పావని పిన్ని వేణ్ణీళ్ళు కాచి పిల్ల తల తుడిచింది. దెబ్బ చూపించడానికి కైకలూరు ఆసుపత్రికి మా ఆటోలోనే తీసుకెళ్ళాం. ప్రమాదం లేదన్నారు, నిద్రపొమ్మన్నారు. తిరిగొచ్చాక పిన్ని అందరికీ కొర్రమీను పులుసు, వేడన్నం వడ్డించింది. మేము కోమట్లం, చేపలు తినమని చెబితే కంగారుపడి నాకు అప్పటికప్పుడు వంకాయ వేపుడు చేసింది. ఆ పళ్ళేల ముందే పావని చెన్నై దారిలో జరిగింది మొత్తం చెప్పేసింది. ఎవరూ అడగలేదు. పిన్ని చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"మీ నాన్న పోయినప్పుడు కూడా నాకింత భయం వెయ్యలేదే" అన్నారు ఏడుకొండలు గారు. కేకలేస్తారనుకున్నాను. పళ్ళెం పక్కకి జరిపి, మెల్లగా అడిగారు. "ఇది దాచుకునే విషయమా?"

"దాచుకున్నందుకే ఇవాళ మళ్ళీ ఊడిపోయింది బాబాయ్" అంది పావని. "నేను తీశానో, సరిగ్గా పెట్టలేదో ఇప్పుడూ తెలీదు." భోజనం మధ్యలోనే, మా ముందే క్లబ్బులో తన శిక్షకుడికి ఫోన్ చేసింది. మాట్లాడటం అయ్యాక, ఈసారి పందెం పేర్లలో తనది ఉండదని, ముందు డాక్టరుకి చూపించుకోవాలని, ఆ తరవాత కొన్నాళ్ళు ఇద్దరు మనుషుల పడవలోనే తిరగాలని చెప్పారంది. చెబుతున్నప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే పులుసన్నం ఇంకాస్త పెట్టించుకుంది.

నా ప్రశ్నకి అప్పుడు జవాబిచ్చింది. "చెల్లెలైతే పంపిస్తానాంటీ. కానీ తిరిగొచ్చాక ఏం కనపడిందో, ఏం వినపడిందో అంతా చెబుతానంటేనే పంపిస్తాను."

బయల్దేరేముందు ఏడుకొండలు గారిని పక్కకి పిలిచి అడిగాను, నిజంగా వినలేదా అని. "విన్నానండీ. పావని గొంతే అది. కానీ పిల్ల ఎడం పక్కనుంది, అది కుడి పక్క నుంచొచ్చింది. మంచులో మాట తిరిగొస్తాదంటారు. రానివ్వండి. పావని అనని మాట ఎలా తిరిగొస్తాదండీ?"

ఇంటికొచ్చి శ్రావ్యకి ఒక్క ముక్క దాచకుండా చెప్పాను. "నాకు భయంగా ఉందమ్మా" అంది. ఈ మూడు నెలల్లో దాని నోట ఆ మాట రావడం అదే మొదలు. మర్నాడు, అయినా వెళ్తానంది. సరేనన్నాను. మా దగ్గరి బంధువొకాయన డాక్టరు. నిద్ర లేకపోతే మెదడు ఇలాంటివి పుట్టిస్తుందనీ, ఒంటరిగా సముద్రం మీదికి వెళ్ళేవాళ్ళకి ఇది కొత్త కాదనీ వివరించాడు. నేను ముందు రాత్రి హాయిగా పడుకున్నాను, అయినా ఆ గొంతు విన్నానని చెబితే మాత్రం మాట మార్చాడు. సముద్రంలో పావనిని బయటికి పిలిచిందీ, కొల్లేట్లో కొక్కెం చూసుకోమందీ ఒకరేనా అని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. ఒకరే అయితే మధ్యలో ఏం మారిందో తెలియదు. ఉల్లిపాయల బస్తాలు దింపుతున్న కూలీల కేకల మధ్య కూర్చున్నప్పుడు కూడా ఆ మాట చెవి పక్కనే వినపడినట్టుంటుంది. అందులో బెదిరింపు లేదు. కాస్త విసుగు, చాలా దగ్గరితనం ఉన్నాయి.

కొల్లేరు వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పక్షులు బాగుంటాయి కానీ, పొద్దున్నే మంచుంటుంది. తొమ్మిది దాటి ఎండ పడ్డాకే పడవెక్కండి. లైఫ్ జాకెట్ అడిగి వేసుకోండి, దానికొక విజిల్ కట్టుకోండి. ఎన్నిసార్లు ఊదితే ఏమని అర్థమో పడవాయనతో ముందే అనుకోండి. మంచులో మనిషి గొంతు ఎటు నుంచి వస్తోందో ఎవరూ చెప్పలేరు.