టంబ్లరులో వణికిన నీళ్లు

ఈ ఉదయం నా కాఫీ వణికింది. చేతిలో ఉన్నప్పుడు కాదు, బల్ల మీద పెట్టాక. పక్కింటివాళ్లు కొత్తగా పెట్టిన పిండిమర మొదలవగానే గోడ గుర్రుమంది, కిటికీ చువ్వలు జపం అందుకున్నాయి, టంబ్లరులో సన్నటి వలయాలు పుట్టి అంచుకు తగిలి తిరిగొచ్చాయి. అప్పటికే నేను మనసులో కలెక్టరు మొదలుకొని ఐక్యరాజ్యసమితి దాకా ఫిర్యాదులు పంపేసి ఉన్నాను. ఆ వలయాలు చూశాక ఆగాను. వసంత టీచరు గుర్తొచ్చారు.

తమిళ సీమలోని మా సొంతూరు అన్నూరులో మాతో గోడ పంచుకున్న పొరుగావిడ ఆమె. హైస్కూల్లో ఫిజిక్సు చెప్పేవారు. నాకూ చెప్పారు గానీ, ఆ శాస్త్రం నా తలలోకి చొరబడలేక వాకిట్లోనే కూర్చుండిపోయింది. చదువు చాలించి, మేం నైనా అని పిలిచే నాన్నతో పాటు మా మరమగ్గాల షెడ్డులో చేరాను. మా మగ్గాల మోతకు పళని కొండ మీది కోతులు చెవులు మూసుకుంటాయని ప్రతీతి. అలవాటు కొద్దీ ఇంట్లోనూ అరిచే మాట్లాడుకునేవాళ్లం. మా అమ్మను ఉప్పు అడిగితే వీధి చివరి అంగడివాడు పొట్లం కట్టేవాడు.

ఆ ఏడు టీచరు మామగారికి గుండె ఆపరేషన్ అయింది. కంటినిండా నిద్రపోవాలన్నారు డాక్టరు. మా మగ్గాలు పోనివ్వలేదు. పంచాయతీలో చెప్పి షెడ్డు మూయిస్తానన్నాడు టీచరు భర్త. మగ్గం ఆగితే మా ఇంట్లో పొయ్యి ఆగుతుంది. నైనా హడలిపోయి, నేతవాడికి తోచే ఒకే ఒక్క వైద్యం చేశాడు: గుడ్డ కప్పాడు. అమ్ముడుపోని ముతక గుడ్డంతా గోడలకు, కిటికీలకు, చివరికి కప్పుకు కూడా వేలాడదీశాం. లోపల మేం ఇడ్లీల్లా ఉడికాం. అవతల ముసలాయన మంచం మాత్రం అదురుతూనే ఉంది.

మర్నాడు టీచరు రావడం చూసి, గొడవకేనని నైనా తువ్వాలు సర్దుకున్నాడు. ఆవిడ చెప్పులు విప్పి, నీళ్ల టంబ్లరుతో లోపలికొచ్చారు.

"ఏమ్మా, దాహమా?" అన్నాడు నైనా.

"లేదన్నా. ఈ మగ్గాల సత్తం ఏ తోవలో మా ఇంటికి వస్తాదో చూడాల. కనిపెట్టేదాకా పంచాయతీకి పోవద్దని ఆయనకి చెప్పితిని."

"తోవేముండాది, గాలిలోనే గదా?"

"నేనూ అట్లే అనుకొని జన్నలు, తలుపులు అన్నీ మూసి చూసితిని. తగ్గలే. అప్పురం మంచం కోడు పట్టుకుంటే చెయ్యి అదిరె."

టంబ్లరును గుడ్డమూట మీద పెట్టారు. నీళ్లు కాస్త కదిలి ఊరుకున్నాయి. నేల మీద పెట్టారు. వలయాలు ఒకదాన్నొకటి తరుముకున్నాయి. టీచరు మొహం వెలిగింది. నా వైపు తిరిగారు.

"ఏమిరా, తైపూసం తిరునాళ్లకి పళని బస్సు ఎక్కినావు గదా? వెనకాల ఒకడు తోస్తే ముందరుండే కండక్టరు తూలతాడు. తోసినోడు ముందరికి వచ్చినాడా?"

"లేదు టీచర్. తోపు మాత్రం వస్తాది."

"సత్తమూ అంతే. గాలీ కదిలిపోదు, నేలా కదిలిపోదు. అదురు పోతుండాది. నేలలో అంతా బిగువుగా పట్టుకొని ఉండాది గదా, గాలిలో కన్నా బిరాన పోతాది. మీరు పాపం గాలికి తెర కట్టినారు. అది కాళ్ల కింద నడిచిపోయె."

అన్నేళ్లూ వాకిట్లో కూర్చున్న ఫిజిక్సు ఆ క్షణాన లోపలికొచ్చి పీట వేసుకుంది.

పంక్చరు షాపు నుంచి పాత లారీ టైర్లు తెచ్చి, ముక్కలు కోసి, ఒక్కో మగ్గాన్నీ ఏనుగును లేపినట్టు లేపి కాళ్ల కింద దూర్చాం. మగ్గాలు నడిపాం. టీచరు వాళ్లింట్లో గోడకు చెయ్యి ఆనించి చూసి వచ్చారు.

"పూర్తిగా పోలే. గాలిలో వచ్చేది వస్తానే ఉండాది. మంచం మాత్రం అదరలే. మామ పడుకున్నాడు."

మర్నాడు ముసలాయన వాకిట్లోంచి నైనాను పిలిచాడు. "మీ తరి మగ్గాల సత్తం తగ్గినంక నా కొడుకు గురక వినబడతా ఉండాది. దానికి ఏ టైరు పెట్టాల?" ఆ కొడుకు కూడా నవ్వేశాడు. పంచాయతీ మాట మళ్లీ ఎత్తలేదు.

టీచరు ఇప్పుడు లేరు. ఆ రోజు మా షెడ్డులో నేల మీద టంబ్లరు ముందు వంగిన ఆవిడ మొహం మాత్రం నాతో ఉంది. ఇంట్లో నిద్ర లేని మనిషి మొహం కాదది. ఎవరో కొత్త చుట్టం వచ్చాడట, ఏ దారిన వచ్చాడో కనుక్కుందామనే మొహం.

కాఫీ తాగేశాను. టంబ్లరు కడిగి, నీళ్లు నింపి, పక్కింటి తలుపు తట్టాను. ముంజేతుల దాకా పిండి పూసుకున్న ఆవిడ తలుపు తీసింది.

"ఏమన్నా, దాహమా?"

"లేదమ్మా," అని చెప్పులు విప్పాను.