రాణికి కళ్లు దిద్దిన చెయ్యి

కొండపల్లిలో మా ఇంట్లో బొమ్మకు కళ్లు ఆఖర్న దిద్దుతారు. దిద్దేది ఇంటిపెద్ద. పొణికి చెక్కను చెక్కడం, చింతగింజల ముద్దతో అతుకులు పూడ్చడం, రంగులు వేయడం ఎవరైనా చెయ్యొచ్చు. కళ్ల కుంచె మాత్రం మామగారు పోయినప్పటి నుంచి మా అత్తగారిది. ఒకసారి దిద్దిన కళ్లను చెరిపి మళ్లీ దిద్దడం మా ఇంట్లో లేదు. వంకరపోతే ఆ బొమ్మను అమ్మరు.

నేను విజయవాడలో ఒక కోచింగ్ సెంటర్లో చరిత్ర చెబుతాను. పొద్దుటి క్లాసులు ముగించుకుని బస్సెక్కి వచ్చి, అన్నం తిని, రంగుల దగ్గర కూర్చుంటాను. పన్నెండేళ్లుగా చీరల అంచులు, నగలు, మీసాలు అన్నీ నావే. కళ్లు నావి కావు. మా ఆయన ఉలి తప్ప కుంచె ముట్టడు. అత్తగారికి ఒక కంట్లో శుక్లం ముదిరింది. ఆపరేషన్ మాటెత్తితే "చూద్దాంలే" అనేవారు. కుంచె మాటెత్తితే అదీ అనేవారు కాదు. నాకు కడుపుమంట లేదని అబద్ధమెందుకు చెప్పాలి?

ఆ ఏడు దసరా బొమ్మల కొలువు కోసం విజయవాడ నుంచి ఒకావిడ మరాఠా రాణి దర్బారు చేసిపెట్టమన్నారు. సింహాసనం మీద పసి రాజు, పక్కన తల్లి.

"ఎవరమ్మాయ్ ఈ రాణి? తెలియకుండా కళ్లెలా దిద్దను?" అన్నారు అత్తగారు.

వారం రోజుల పాటు మధ్యాహ్నాలు ఆ కథ చెప్పాను. కిటికీలోంచి పడే ఎండలో రంపపు పొట్టు తేలుతూ ఉండేది. అత్తగారు గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని ఊ కొట్టేవారు. నిద్రలోంచి కొడుతున్నారో మెలకువలోంచి కొడుతున్నారో తెలిసేది కాదు. నా గొంతు నాకే ఎక్కడో ఏటి అవతలి నుంచి వినిపిస్తున్నట్టుండేది.

భర్త పోతే ఆ రాణి పసివాణ్ణి గద్దె మీద కూర్చోబెట్టి, తనే రాజ్యం నడిపింది. ఢిల్లీ సైన్యాలను ఎదిరించింది. మొగలుల చెరలోంచి బావగారి కొడుకు వచ్చి గద్దె నాదన్నాడు. సర్దారులు చాలామంది అటు జరిగారు. తర్వాత సవతి తన కొడుకును గద్దెనెక్కించి, ఈమెనూ బిడ్డనూ ఖైదులో పెట్టింది. ముసలితనంలో ఈ రాణే, ఇన్నాళ్లూ తను దాచిపెట్టిన మనవడంటూ ఒకణ్ణి తెచ్చి రాజును చేసింది. అతను మాట వినకపోయేసరికి, "వీడు నా మనవడే కాదు" అని నలుగురిలో చెప్పింది.

క్లాసులో ఇదంతా పది నిమిషాల్లో తేల్చేస్తాను. ఇంట్లో సాగదీశాను. "డెబ్బై దాటినా పట్టు వదల్లేదు అత్తయ్యా," అని ఒత్తి మరీ చెప్పాను. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే అదే.

అత్తగారు కళ్లు తెరిచారు. "వదిలేస్తే ఆవిడకి ఏం మిగుల్తుందమ్మాయ్?"

ఇన్నేళ్లలో ఏ విద్యార్థీ నన్ను ఆ ప్రశ్న అడగలేదు.

బొమ్మలు ఇవ్వాల్సిన రోజుకు ముందురోజు అత్తగారు కుంచె తీశారు. పసి రాజు కళ్లు చక్కగా కుదిరాయి. రాణి ఎడమకన్ను మాత్రం చెంప మీదికి జారింది.

"ఎలా వచ్చాయి?"

"బాగున్నాయి అత్తయ్యా."

ఆవిడ తృప్తిగా నడుం వాల్చారు. చెక్క పగిలితే పనికొస్తుందని మా ఆయన పెద్ద బొమ్మలు రెండేసి చెక్కుతాడు. రెండో రాణికి రంగులన్నీ అయ్యాయి, కళ్లే లేవు. అత్తగారి గురక వింటూ డబ్బాలోంచి కుంచె తీశాను. పన్నెండేళ్లు కోరుకున్న కుంచె. దిద్దుతున్నంతసేపూ ఆవిడ అడిగిన ప్రశ్నే తిరిగింది నాలో. రాణి చూపు బిడ్డ మీదకీ పోలేదు, గద్దె మీదకీ పోలేదు. ఎవరో వచ్చి లెమ్మంటారేమోనని గుమ్మం వైపు చూస్తున్నట్టు కుదిరింది. వంకర కన్ను రాణిని పొట్టు బస్తాల వెనక దాచేశాను.

మర్నాడు విజయవాడ ఆవిడ వచ్చారు. అత్తగారు రాణిని చేతిలోకి తీసుకుని, మంచి కంటికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారు. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

"ఇవి నేను దిద్దిన కళ్లు కావండీ," అన్నారు.

నేను చెప్పిన కథే నా మీదికి వచ్చింది, రాణి మనవణ్ణి కాదన్నట్టు నన్నూ నలుగురిలో కాదంటారనుకున్నాను.

"మా కోడలు దిద్దింది. ఇక మీదట తనే దిద్దుతుంది. చూడండి, ఎంత బాగా కుదిరాయో."

విజయవాడ ఆవిడ బొమ్మలు తీసుకుని సంతోషంగా వెళ్లిపోయారు. అత్తగారు కుంచె కడిగి, పైటతో తుడిచి నా చేతిలో పెట్టారు. అడగాల్సినవి, చెప్పాల్సినవి ఎన్నో ఉన్నా నాకు ఏడుపే వచ్చింది.

"ఏడుపెందుకు? నా రాణిని ఎక్కడ పెట్టావమ్మాయ్?" అన్నారు.

బస్తాల వెనక నుంచి తెచ్చిచ్చాను. ఆవిడ ఆ జారిన కన్ను మీది పొట్టును వేలితో తుడిచి, బొమ్మను ఒళ్లో పెట్టుకుని, మళ్లీ గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నారు.