బాల్ జాయింటుకు సూదిమందు

గ్రీజు విషయంలో నాతో వాదించే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. ముప్పై ఏళ్లు కార్ఖానాలో మెయింటెనెన్స్ ఫిట్టరుగా చేసినవాణ్ణి. కదిలే ప్రతి కీలుకీ వారానికోసారి గ్రీజు పట్టించకపోతే అక్కడ తిట్లు పడేవి. రిటైరయ్యాక తిట్టేవాళ్లు లేరు గానీ అలవాటు మాత్రం పోలేదు. కార్ఖానా కోసం వచ్చి స్థిరపడ్డ ఈ హిందీ ఊళ్లో, సిద్ధగోరా పేటలో మా ఇంటి గేటు, కుట్టుమిషను, ఆఖరికి దేవుడి మందిరం తలుపులు కూడా నా గ్రీజు తిన్నవే. దేవుడి దండ మీద నల్ల మరక కనిపిస్తే మా ఆవిడ నా వైపు చూసేది. నేను గోడ వైపు చూసేవాణ్ణి.

కారు కొన్నది రిటైరయ్యాకే, అదీ పాతది. కొన్న మొదటి ఆదివారమే గోనెసంచి పరుచుకుని దాని కిందికి దూరాను. ముందు చక్రాల దగ్గర బాల్ జాయింట్లుంటాయి. చక్రాన్ని పట్టుకునే ఇనుప చేతికీ చక్రానికీ మధ్య ఉండే కీలు అది. గిన్నెలో బంతిలా అన్ని పక్కలకీ తిరుగుతుంది. నీళ్లూ దుమ్మూ పోకుండా రబ్బరు తొడుగు ఉంటుంది. గ్రీజు కొట్టే నిపుల్ ఎక్కడుందా అని తడిమాను. లేదు. రెండో వైపూ లేదు. తయారుచేసినవాళ్లు కక్కుర్తిపడి మానేశారని అక్కడికక్కడే తేల్చేశాను.

కారు చేసినవాళ్లకి తట్టనిది నాకు తట్టిందన్న సంబరంతో పశువుల మందుల షాపుకెళ్లి లావుపాటి సూదీ సిరంజీ కొన్నాను. గేదెలెన్ని ఉన్నాయని షాపతను హిందీలో అడిగాడు. ఒక్కటే అన్నాను. ఆ రోజు మొదలు నెలకోసారి ఆ తొడుగులోకి సూది గుచ్చి, అది ఉబ్బేదాకా గ్రీజెక్కించేవాణ్ణి. కింద నుంచి లేచి చేతులు తుడుచుకుంటుంటే ఆపరేషను చేసి బయటికొచ్చిన డాక్టరులా ఉండేది నాకు.

ఇక మా ఆవిడ సంగతి. ఆవిడ యాభయ్యో ఏట డ్రైవింగు నేర్చుకుంది. దానికి కారణం ఊరికి ఆ చివర బిర్సానగర్‌లో ఉన్న వాళ్లక్క. పెళ్లైనప్పటి నుంచీ అక్కని చూడాలంటే నా డ్యూటీ, నా ఓపిక, నా బుద్ధి మూడూ ఒకేసారి కుదరాలి. అవి కుదరడం ఎంత అపురూపమో ఆవిడకే తెలుసు. లైసెన్సు చేతికొచ్చాక ప్రతి మంగళవారం, శుక్రవారం తనే తోలుకుని వెళ్లొచ్చేది. ఒక్కోసారి సరదాగా నేనూ పక్కన కూర్చునేవాణ్ణి. ఆవిడ ముఖంలో అంత వెలుగు నేను అంతకుముందు చూడలేదు.

వానలు పడుతుండగా ముందు చక్రం దగ్గర చప్పుడు మొదలైంది. స్పీడు బ్రేకరు ఎక్కినా దిగినా టక్కుమనేది.

"సూసేవా, ఎలా గుద్దేసేవో" అన్నాను.

"మెల్లగానే ఎక్కించేనండీ."

"మెల్లగా ఎక్కిత్తే ఇలా మోగుతాదేటి?"

అక్కడితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? వదినగారింట్లో టీ తాగుతూ, ఇంటిల్లిపాదీ వింటుండగా, "మీ సెల్లెలికి బ్రేకరు కనిపిత్తే సాలు, పాత పగున్నట్టు దాని మీదికి దూకేత్తాది" అన్నాను. అందరూ నవ్వారు. మా ఆవిడా నవ్వింది. అందరికన్నా కొంచెం ఆలస్యంగా నవ్వింది.

నేను తోలినప్పుడూ టక్కుమనేది. దానికీ జవాబు ఉంది నా దగ్గర: నువ్వు పాడుచేసిందే కదా అని. పాపం, ఆవిడ బండిని మరీ నడక వేగానికి తెచ్చేసింది. వెనక సైకిలువాళ్లు బెల్లు కొట్టుకుంటూ దాటిపోయేవారు. దసరా వచ్చేసరికి ఆటోలో వెళ్లడం మొదలుపెట్టింది. అడిగితే, "బండి బాగునేదు కదండీ" అంది. తర్వాత మంగళవారాలు మానేసింది. పోనీలే, బండికి విశ్రాంతి అనుకున్నాను. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అలాగే అనుకున్నాను.

చలికాలంలో స్టీరింగు ఒక పక్కకి లాగడం మొదలుపెట్టింది. దానికి తిడదామంటే ఆవిడ తోలడం మానేసి నెల దాటింది. గతిలేక నది అవతల ఆదిత్యపూర్‌లో నాకు తెలిసిన మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్లాను. బరంపురం వైపు తెలుగువాడు, నోరు కొంచెం జాస్తి.

"మా ఆవిడ పుణ్యం. సూడు" అన్నాను.

అతను ముందు భాగం జాకీ మీద లేపి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాడు. టక్కు టక్కుమంది. పిన్ను లాగి, నట్టు విప్పి, పక్క నుంచి సుత్తితో రెండు దెబ్బలు వేస్తే జాయింటు ఊడొచ్చింది. రబ్బరు తొడుగుని వేళ్ల మధ్య నొక్కాడు. నాలుగైదు చోట్ల నుంచి ఎర్రటి తుప్పునీళ్లు సన్నగా చిమ్మాయి.

"ఏటి గురువుగారూ, బండికి మలేరియా వొచ్చిందేటి? ఎవుడు పొడిసినాడు ఇన్ని సూదులు?"

నేను అతని గోడ మీది క్యాలెండరు చదువుతూ నిలబడ్డాను. అతను పని ఆపకుండానే చెప్పుకుపోయాడు. ఇది మూసేసి వచ్చే సామాను, లోపల గ్రీజు వాళ్లే నింపి పంపుతారు, తొడుగు చిరిగిందా లేదా చూసుకోవడం ఒక్కటే మన పని. కన్నాల్లోంచి వాననీళ్లు దిగి బంతిని తినేశాయి. ఇంకొన్నాళ్లు పోతే బంతి గిన్నెలోంచి ఊడొచ్చి చక్రం వాలిపోతుంది.

"అమ్మగారు మెల్లగా తోల్తారు గావాల. అందికే బతికిపోనారు" అన్నాడు.

గురివింద గింజకి తన కింద నలుపు తెలియదంటారు. నాది గ్రీజు నలుపు, అయినా తెలియలేదు. రెండు వైపులా కొత్తవి వేయించి, చక్రాల అలైన్‌మెంటు కూడా సరిచేయించాను. పాతది పేపరులో చుట్టించుకున్నాను. ఎందుకో చెప్పేస్తాను: ఖర్కాయ్ వంతెన మీంచి నదిలో పారేద్దామని. ఇంటికెళ్లి, "బాగుచేయించేను, ఇంకనైనా జాగ్రత్తగా తోలు" అంటే చాలు. తప్పు ఆవిడ దగ్గరే ఉంటుంది, పుణ్యం నాకొస్తుంది. వంతెన మీద బండి ఆపాను కూడా. వెనక లారీవాడు హారను కొట్టి చంపేశాడు. కదిలిపోయాను. అది నా మంచి బుద్ధి కాదు, ఆ లారీవాడి తొందర.

మా ఆవిడ వరండాలో చేటలో చిక్కుడుకాయలు పోసుకుని ఈనెలు తీస్తోంది.

"ఏటన్నాడండీ?"

"అరిగిపోయిందట."

"నా వల్లేనా?" అంది. నేను నోరు తెరిచేలోపే, "పోన్లెండి. నానింక దాన్ని ముట్టుకోను. మీ బండి మీకు బాగుంటాది" అంది.

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే నేనూ ఒక మాట అనేసి తప్పించుకునేవాణ్ణి. తన చెయ్యే మంచిది కాదని ఆవిడ నిజంగా నమ్మేసింది. పొట్లం విప్పి, ఆవిడ ముందు నేల మీద పెట్టి తొడుగు నొక్కాను. కన్నాల్లోంచి నీళ్లొచ్చాయి.

"ఇవి నా సూది పోట్లు. నీ సెయ్యి కాదు" అన్నాను.

ఆవిడ దాన్ని చేతిలోకి తీసుకుని తనూ ఒకసారి నొక్కి చూసింది.

"అయితే నాను బాగానే తోలేనా?"

"బాగానే తోలేవు. నువ్వు మెల్లగా తోలబట్టే చక్రం నిలబడింది."

"ఈ మాట అక్కింట్లో సెప్పండి" అని మళ్లీ చిక్కుడుకాయలు అందుకుంది.

శుక్రవారం బయల్దేరాం. తాళం ఇవ్వబోతే, "మీరే తోలండి" అంది. నిజం తెలిశాక కోపం వచ్చిందనుకున్నాను. బ్రేకర్ల మీద బండి చప్పుడు చెయ్యలేదు.

వదినగారి హాల్లో, అదే కుర్చీలో, అదే జనం ముందు కూర్చున్నాను. ఆవేళ నవ్వించడానికి మాటలు వాటంతటవే దొర్లాయి. ఇవాళ ఒక్కో మాటా వెతుక్కోవాల్సొచ్చింది. అయినా మొత్తం చెప్పాను. గేదె దగ్గరకొచ్చేసరికి వదినగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. చివరికొచ్చేసరికి ఆ నవ్వు లేదు. లేచి లోపలికెళ్లారు. బీరువా తీసిన చప్పుడైంది. ప్లాస్టిక్ కవరులో ఒక కార్డు పట్టుకొచ్చారు. మా ఆవిడ డ్రైవింగు లైసెన్సు.

"దసరా ముందు తెచ్చి నాకిచ్చీసింది. ఇంట్లో ఉంటే తోలాలనిపిత్తంది, నీకాడ దాసీయక్కా అని" అన్నారు. దాన్ని చెల్లెలికి ఇవ్వలేదు. నా చేతిలో పెట్టారు. "మీరే ఇవ్వండి మరిదిగారూ."

రెండు చేతులతో ఇచ్చాను. ఆవిడ నా ముఖం చూడలేదు. కవరుని కొంగుతో తుడిచి పర్సులో పెట్టుకుని, తాళం కోసం చెయ్యి చాపింది. ఇచ్చాను. బయటికెళ్లింది. కిటికీలోంచి చూస్తే, నా పొడుగు కాళ్ల కోసం నేను వెనక్కి తోసుకున్న డ్రైవరు సీటుని ముందుకి లాక్కుంటోంది.