చప్పిడి పప్పు

కాళ్లకు నీరొచ్చిందని డాక్టరు ఉప్పు మానమన్నాడు. ఈ పొద్దు కోడలు గలిజేరాకు పప్పు చప్పిడిగా చేసింది. ఆ ఆకు వాసనకు రాయచోటి పక్కన మా పాత ఇల్లు గుర్తొచ్చింది.

తెల్లోళ్ల కాలం. మన ఈడోళ్లకు తెలుసు గదా, నీరు పట్టినోళ్లకు అప్పుడు చప్పిడి పత్యమే మందు. నాకు అయిదేండ్లప్పుడు మా అమ్మకు ఒళ్లంతా వాచింది. ఆమె ఒక్కతే చప్పిడి తింటే ముద్ద దిగదని మా అవ్వ ఉప్పు కుండ అటకెక్కించింది. ఇంట్లో అందరికీ చప్పిడి సంగటి, గలిజేరాకు పప్పే. శానా దినాలు అట్లే తిన్నాం.

ఒకనాడు ఇంటి నిండా జనం, మా పొయ్యి వెలగలేదు. పక్కింటామె సంగటి, పప్పు తెచ్చి నా ముందర పెట్టింది. పప్పులో ఉప్పుండాది.

"అమ్మకు నయమైందా అవ్వా?" అని అడిగినా.

"ఇంక మనకు పత్యం లేదులే, తినమ్మా" అనింది మా అవ్వ.

తిన్నా.