స్టీరింగు బరువెక్కిన నాలుగు నెలలు

తన చేతుల్లో సత్తువ అయిపోయిందని ఆయన నాలుగు నెలల క్రితమే తేల్చేసుకున్నాడు. ఏ డాక్టరూ చెప్పలేదు. పికప్ బండి స్టీరింగే చెప్పింది. పొద్దున వడ్రంగి షెడ్డులో తలుపులు ఎక్కించుకుని బయల్దేరినప్పుడు బాగానే తిరిగేది. మధ్యాహ్నం దాటితే మొరాయించేది. ఇరుకు సందులో బండి వెనక్కి తిప్పాలంటే సీటు మీంచి పైకి లేచి, భుజం ఆనించి లాగాల్సి వచ్చేది. పొద్దున ఉన్న ఓపిక సాయంత్రానికి అడుగంటడం వయసు లక్షణమే కదా అనుకున్నాడు. కొన్నాళ్ళకి పొద్దున కూడా బరువెక్కింది. అదీ వయసు ఖాతాలోనే వేశాడు.

యాభై ఎనిమిదేళ్ళ మనిషి. షెడ్డులో అందరూ తలుపులాయన అంటారు. షెడ్డులో చేసిన తలుపుల్ని కట్టుబడిలో ఉన్న ఇళ్ళకి చేర్చడం ఆయన పని. అందుకే ఆయన చూసే ఇళ్ళలో ఇంకా ఎవరూ కాపురం పెట్టి ఉండరు. సున్నం వాసన, సిమెంటు బస్తాలు, మెట్ల కింద పడుకున్న కాపలా మనిషి, అంతే. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగితే "సంబంధాలు వచ్చినప్పుడు నేను రోడ్డు మీదున్నాను" అనేవాడు. అడిగేవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆ మాట అబద్ధమేమీ కాదు. ఉండేది మేడ మీద ఒంటి గది. ఒక కుర్చీ, దాని మీద ఎప్పుడూ బట్టలు. రెండో మనిషి వస్తే కూర్చోవడానికి మంచమే దిక్కు. రెండో మనిషి వచ్చి చాలా కాలమైంది.

చేతుల సంగతి ఆయన మొదట చెప్పింది ఒక్క చెల్లెలికే. అదీ నోరు జారి. పొరుగూళ్ళో ఉండే ఆ చెల్లెలు అంతకుముందు రెండు నెలలకోసారి ఫోన్ చేసేది. "బాగున్నావా?" "బాగున్నాను. మీరు?" "మేమూ బాగున్నాం." అక్కడితో మాటలు అయిపోయేవి. చేతుల మాట విన్నాక రోజూ సాయంత్రం ఆరున్నరకి చేయడం మొదలుపెట్టింది.

"చేతులెలా ఉన్నాయి అన్నయ్యా?"

"ఉన్నాయి, భుజాలకే ఉన్నాయి."

"వేళాకోళం ఆపు. నూనె రాసుకున్నావా?"

"రాసుకున్నా."

"అబద్ధం. గొంతులోనే తెలుస్తోంది."

అలా నాలుగు నెలలు. చివరికి ఆవిడే తేల్చింది. బండి అమ్మేసి వచ్చెయ్, ముందు గది ఖాళీగానే ఉంది, మీ బావ కూడా ఒప్పుకున్నారు, ఇంకా ఎవరి కోసం ఈ మొండితనం అంది. ఆయన రెండు రోజులు ఆలోచించి సరేనన్నాడు. గాజు పలకల వ్యాపారి ఒకడు ఆ బండి మీద ఎప్పటినుంచో కన్నేసి ఉన్నాడు. అమ్మడానికి కారణం చేతులేనని వాడికీ చెప్పాల్సి వచ్చింది. వాడు శుక్రవారం తీసుకెళ్తానన్నాడు. ఈలోగా బ్రేకులు ఒకసారి చూపించి పెట్టమన్నాడు.

మంగళవారం ఆయన బండిని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాడు. మెకానిక్ బండిని లోపల పెట్టబోతూ స్టీరింగు పట్టుకున్నాడు. ఒక చేత్తో తిప్పాడు. కదల్లేదు. రెండో చెయ్యి కూడా వేశాడు. బండి ఆపేసి, కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"బాబాయ్, ఇది స్టీరింగా, తిరగలా?"

"ఏమైంది?"

"ఏమైందని నన్నడుగుతావేంటి? ఇన్నాళ్ళూ దీన్ని ఎలా తిప్పావు?"

"చేతులతోనే. ఈమధ్య కాస్త సత్తువ తగ్గింది అబ్బాయ్."

మెకానిక్ ఆయన్ని కింది నుంచి పైదాకా చూశాడు. "సత్తువ తగ్గిందా? నాకు నలభై లేవు, నేనే తిప్పలేకపోయాను. నీతో ఎవరూ పంజాలు పట్టకుండా చూసుకో." మీటర్ల పలక మీద అంటించిన నల్ల టేపు ముక్క వాడి కంట పడింది. "ఇదేంటి?"

"అదా? తలుపు సరిగా పడలేదని ఊరికే ఎర్రలైటు వెలిగేది. కళ్ళలో పొడుస్తోందని అంటించాను."

మెకానిక్ గోటితో టేపు పీకాడు. దాని కింద తలుపు లైటు వెలగడం లేదు. పక్కనే ఉన్న స్టీరింగు లైటు మాత్రం పసుపుపచ్చగా వెలుగుతోంది.

"నీ చేతులకి రోగం లేదు బాబాయ్. దీని మోటారు పోయింది. స్టీరింగు తిప్పడానికి సాయం పట్టే మోటారు. మొదట్లో వేడెక్కితే ఆగిపోయి ఉంటుంది, చల్లారితే పనిచేసి ఉంటుంది. ఇప్పుడు పూర్తిగా కన్ను మూసింది. బండి లైటేసి మొత్తుకుంటుంటే నువ్వు దాని నోటికి టేపు వేశావు."

ఆయన తన రెండు అరచేతులూ చూసుకున్నాడు.

"నీ పక్కన ఎవరూ కూర్చోరా? ఇంకో డ్రైవరు ఎవరైనా ఒక్కసారి పట్టుకుని ఉంటే అప్పుడే తెలిసిపోయేది."

"ఎవరు పట్టుకుంటారు?" అన్నాడాయన.

కొత్త మోటారు బుధవారం పొద్దున పార్సిల్లో వచ్చింది. అరచేతిలో పట్టేంత డబ్బా, బరువు మాత్రం బాగానే ఉంది. మెకానిక్ ముందు బ్యాటరీ వైరు తీశాడు. చక్రాలు తిన్నగా ఉన్నాయో లేదో చూసి, స్టీరింగు అటూ ఇటూ కదలకుండా సీటు బెల్టుతో కట్టేశాడు. తర్వాత కాళ్ళు బయటికీ తల లోపలికీ పెట్టి, పెడళ్ళ దగ్గర వెల్లకిలా పడుకున్నాడు. ప్లాస్టిక్ పలక ఊడదీశాడు. ఆయన పక్కన నిలబడి టార్చిలైటు పట్టాడు.

"కాస్త ఎడమకి. నా ఎడమ కాదు, నీ ఎడమ. నా మొహం మీద వేస్తే అందం తప్ప ఏం కనపడదు."

వైర్ల క్లిప్పులు రెండూ వచ్చాయి. బోల్టుల్లో ఒకటి సులువుగా వచ్చింది. రెండోదాన్ని పట్టుకుని మెకానిక్ ఇరవై నిమిషాలు తిట్టాడు. చివరికి పాత మోటారు ఊడి వాడి ఛాతీ మీద పడింది. ముక్కు దగ్గర పెట్టుకుని, కాలిన వాసన చూడమని ఆయనకి అందించాడు. మోటారుకీ స్టీరింగు కడ్డీకీ మధ్య ఉండే రబ్బరు బిళ్ళ అరిగిపోయి పళ్ళు ఊడిన దువ్వెనలా ఉంది. అదీ మార్చాడు. కొత్తది బిగించి, బ్యాటరీ తగిలించి, చిన్న కంప్యూటరు పెట్టెని బండికి కలిపాడు.

"ఇప్పుడు నువ్వెక్కు. స్టీరింగు తిన్నగా పెట్టి, చేతులు తీసెయ్. దానికి మధ్య ఎక్కడో నేర్పాలి."

ఆయన చేతులు తీసి తొడల మీద పెట్టుకున్నాడు. ఇంజను నడుస్తుండగా స్టీరింగు వదిలేసి కూర్చోవడం ఆయనకి కొత్త. పెట్టె కూత పెట్టింది. పసుపు లైటు ఆరిపోయింది.

నడిపి చూద్దామని ఇద్దరూ బయల్దేరితే, మొదటి మలుపులోనే బండి కాలిబాట ఎక్కింది. నాలుగు నెలల అలవాటు కొద్దీ సీటు మీంచి లేచి లాగాడు మరి. పక్కన కూర్చున్న మెకానిక్ తల తలుపుకి కొట్టుకుంది.

"మెల్లగా బాబాయ్! కుస్తీ అయిపోయింది. ఒక్క వేలు చాలు."

ఒక్క వేలితో తిప్పాడు. తిరిగింది. అవసరం లేకపోయినా ఆ వీధి చుట్టూ మూడుసార్లు తిప్పాడు. మెకానిక్ దిగి వెళ్ళిపోయాక ఇంటి ముందు ఆపి, అందులోనే కూర్చున్నాడు. చేతులు మంచివే. ఇంకో పదేళ్ళు తలుపులు మోస్తాయి. ఈ మాట ఎవరితోనైనా చెప్పాలనిపించింది. గాజు పలకల వ్యాపారికి ఫోన్ చేశాడు.

"బండి ఇవ్వలేను. ఏమనుకోకు."

"మొన్న చేతులు పనికిరావడం లేదన్నావుగా?"

"చేతులు బాగానే ఉన్నాయి. మోటారు పోయింది."

"బాగుంది కథ. మాట మీద నిలబడే మనిషివనుకున్నాను" అని వాడు పెట్టేశాడు.

ఆరున్నరకి చెల్లెలు ఫోన్ చేసింది.

"చేతులెలా ఉన్నాయి అన్నయ్యా?"

నొప్పిగానే ఉందంటే చాలు. రేపు ఆరున్నరకి కూడా ఈ ఫోన్ మోగుతుంది. ఆ ముందు గదీ, సాయంత్రాలు లోపలి నుంచి వినపడే మాటలూ అన్నీ ఉంటాయి. కానీ మంచి చేతులు పెట్టుకుని ఇంకొకరి ఇంట్లో మంచం మీద కూర్చోవాలి. రోజూ పొద్దున్నే భుజం పట్టుకుని మూలగాలి. అది తనవల్ల కాదు.

"నా చేతులకేం కాలేదే. బండి మోటారు పోయింది. ఇవాళ మార్పించాను."

టేపు సంగతి కూడా చెప్పాడు. ఆవిడ నవ్వింది. దగ్గు వచ్చేదాకా నవ్వింది. "ఏవండీ, విన్నారా! నాలుగు నెలలు నా చేత దేవుళ్ళందరికీ మొక్కించాడు!" అని లోపలికి కేకేసింది. నవ్వు తగ్గాక అడిగింది, "అయితే రావన్నమాట."

"బండి ఉందిగా."

"పోన్లే. నాకూ బెంగ తీరింది. హాయిగా పడుకుంటాను ఇవాళ."

గురువారం ఆరున్నరకి ఫోన్ మోగలేదు. శుక్రవారమూ మోగలేదు. ఆవిడ మీద ఆయనకి కోపమేమీ రాలేదు. రోగం లేని మనిషిని రోజూ ఏమని పలకరిస్తారు? శనివారం ఆరు తలుపులు ఒక కొత్త ఇంట్లో దించాడు. మేస్త్రీ సంతకం కోసం మెట్ల మీద కూర్చుని ఎదురుచూస్తుంటే ఆరున్నర అయింది. ఆరూ ముప్ఫై అయిదు అయింది. ఫోన్ తీసి తనే చేశాడు. పని లేకుండా ఆయన ఎవరికీ ఫోన్ చేసిన మనిషి కాదు.

"ఏమైంది అన్నయ్యా? యాక్సిడెంటా?"

"ఏం కాలేదు."

"మళ్ళీ బండి చెడిందా?"

"లేదు. బాగా తిరుగుతోంది."

"మరి?"

"ఊరికే చేశాను."



"ఊరికేనా? నువ్వా?"

"ఊఁ."

ఆయన ఇవాళ ఆరు తలుపులు దించానని చెప్పాడు. టేకువా అని ఆవిడ అడిగింది. రెండు టేకువి, మిగతావి మామూలు చెక్కవి అన్నాడు. ఆ మాటా అయిపోయింది. ఇక పెట్టేస్తుందేమో అనుకున్నాడు.

"ఉండు అన్నయ్యా, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి" అని ఆవిడ ఫోన్ ఎక్కడో పెట్టి వెళ్ళింది. కట్ చేయలేదు. గిన్నె దించిన చప్పుడు, ఎవరో ఏదో అడగడం, ఆవిడ కసురుకోవడం వినపడుతున్నాయి. రసీదు మీద సంతకం పెట్టడానికి మేస్త్రీ వచ్చాడు. ఆయన చేత్తోనే ఆగమని సైగ చేసి, ఫోన్ చెవి దగ్గర నుంచి తీయకుండా కూర్చున్నాడు.